సన్న తీగ పైన, లావు తీగ కింద

అడగకుండా సరిచేసే మనుషులంటే నాకు ఒళ్ళు మంట. తప్పు చేసినవాణ్ణి ఓర్చుకుంటాను. నేనూ చేశాను, ముప్ఫై ఏళ్ళు అదే పనిగా చేశాను, ఆ సంగతి దాచకుండా చెప్తాను. కానీ పక్కవాడి కాగితం తీసుకుని, వాడికి మాటైనా చెప్పకుండా దాన్ని బాగుచేసి, స్పైరల్ గుచ్చి, కవరులో పెట్టి, నవ్వు మొహంతో చేతికిచ్చేవాణ్ణి మాత్రం ఈ వయసులో కూడా ఓర్చుకోలేను. అలా బాగుచేసిన పది పాటల పుస్తకం ఒకటుంది. చించి పొయ్యిలో పెడతానంటే ఆ పిల్ల నాకివ్వలేదు. ఇప్పటికీ తన దగ్గరే ఉంది.

నాది దమ్మపేటలో రేడియో రిపేరు దుకాణం. రోడ్డు వైపు గది దుకాణం, వెనక గది ఇల్లు. నాలుగో తరగతితో బడి ఆగిపోయింది. తర్వాత చదివిందంతా రేడియో డబ్బాల అడుగున అతికించిన సర్క్యూట్ బొమ్మల్లోనే. ఇంగ్లీషు అక్షరాలు అక్కడే నేర్చుకున్నాను, లెక్కలూ అక్కడే. బొమ్మ చూసి వస్తువును పట్టుకోవడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని నాకు గర్వం. ఆ గర్వమే నన్ను ముంచింది.

వాల్వు రేడియోలు పోయి ట్రాన్సిస్టర్లు వస్తున్న రోజుల్లో, కొత్తగూడెం నుంచి బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు పాత సామాను వదిలేస్తూ ఒక గిటారు నాకిచ్చాడు. తీగలు లేవు. దానితోపాటు ఒక పుస్తకం. మొదటి పన్నెండు పేజీలు చెదలు తిన్నాయి. తీగలు ఎలా కట్టాలో ఆ పన్నెండు పేజీల్లోనే ఉండి ఉంటుంది. మిగిలినవన్నీ బొమ్మలు. నిలువుగా ఆరు గీతలు, అవి తీగలు. అడ్డంగా నాలుగైదు గీతలు, అవి గిటారు మెడ మీది మెట్లు. వేలు ఎక్కడ పెట్టాలో అక్కడ నల్ల చుక్క. అలా మూడు నాలుగు చోట్ల నొక్కిపట్టి తీగలన్నీ ఒక్కసారి మీటితే వచ్చే స్వరాల గుత్తిని కార్డ్ అంటారు. పాట వెనక నడిచేది అదే.

విజయవాడ నుంచి తీగల పొట్లం తెప్పించాను. ఆరు చిన్న కవర్లు, ఒక్కోదాని మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. ఒకటి అన్నిటికన్నా సన్నం, ఆరు అన్నిటికన్నా లావు. గిటారు ఒళ్ళో పెట్టుకుని ఆలోచించాను. ఏదైనా పైనుంచే లెక్కపెడతాం కదా. ఒకటో తీగను పైన, నా గడ్డం వైపు కట్టాను. ఆరో తీగను కింద, నేల వైపు. మెడ చివరి పట్టీలో ఉన్న గాడి లావు తీగకు చాలలేదు. అప్పుడైనా అనుమానం రావాలి మనిషికి. రాలేదు. సన్నటి ఆకురాయి తీసుకుని గాడిని అరగదీశాను.

పుస్తకంలో చుక్కలున్నట్టే నొక్కి మీటితే పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. మూడో రోజు తట్టింది. వాల్వు కాళ్ళ బొమ్మను ఎప్పుడూ కిందనుంచి చూసినట్టు గీస్తారు, ఎందుకంటే సోల్డరింగ్ చేసేవాడు అటునుంచే చూస్తాడు. ఇదీ అంతే, అటువైపు నుంచి గీశారు! పేజీ వెనక్కి తిప్పి, కిటికీ వెలుతురుకు పట్టి, వెనకనుంచి కనబడ్డ చుక్కల ప్రకారం నొక్కాను. గిటారు పలికింది. శుద్ధంగా, గుండ్రంగా పలికింది. ఆ పూట దుకాణం మూసేసి, ప్రతి పేజీనీ వెలుతురుకు పట్టి, వెనకనుంచి కనిపించిన బొమ్మను నోటుబుక్కులోకి ఎక్కించాను. తర్వాత సైకిలు టైరు ముక్క చెక్కి ఆరు గీతల ముద్ర చేసుకున్నాను. అది గుద్ది, చుక్కలు పెన్నుతో పెట్టేవాణ్ణి. ఆ బొమ్మలతోనే పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వాయించాను. ఆ బొమ్మలతోనే పది పన్నెండు మందికి నేర్పాను. వాళ్ళ గిటార్లన్నిటికీ తీగలు నా చేత్తోనే కట్టాను.

నిజం తెలిసింది అశ్వారావుపేటలో ఒక పెళ్ళిలో. విజయవాడ నుంచి వచ్చిన ఒక గిటారిస్టు, భోజనాల వేళ నా గిటారు సరదాగా తీసుకుని ఒక్క మీటు మీటాడు. బిత్తరపోయి తీగల వైపు చూశాడు. పడీ పడీ నవ్వాడు.

“ఏమండీ, ఇదెవరు కట్టారండీ? అద్దంలో చూసి కట్టారా?”

వడ్డించేవాళ్ళతో సహా అందరూ ఇటు తిరిగారు. గిటారు లాక్కున్నాను.

“ఇది మా అడవి పద్ధతి. మీకు తెల్వదు,” అన్నాను.

“అలాగేనండీ. అడవిలో కొమ్మకు తలకిందులుగా వేలాడి వాయిస్తారేమోనండీ, అప్పుడు సరిగ్గానే ఉంటుంది!”

ఆ నవ్వులు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. ఇంటికొచ్చి తీగలు విప్పి మళ్ళీ కట్టొచ్చు. చేతులకు పదేళ్ళ అలవాటు, మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. అయినా నేర్చుకోవచ్చు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళను పిలిచి, “తప్పు నాది, రండి, మార్చుకుందాం” అనొచ్చు. నేనేం చేశాను? మర్నాడు వచ్చిన శిష్యుడికి అదే అబద్ధం ఇంకాస్త గట్టిగా చెప్పాను. అడవి పద్ధతి. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది. అడవిలో ఉన్నవాళ్ళు ఏనాడూ గిటారు అడగలేదు, వాళ్ళ డోలు వాళ్ళకుంది. వాళ్ళ పేరు చెప్పి నా చెదలు తిన్న పుస్తకాన్ని కాపాడుకున్నాను.

ఇక ఆ పిల్ల సంగతి. ములకలపల్లి అవతల, బస్సు ఆగిపోయిన తర్వాత ఇంకా నడిచి వెళ్ళే ఊరు వాళ్ళది. ఇంట్లో వాళ్ళ భాష, బయట తెలుగు. బీడీల తునికాకు రోజుల్లో ఆకు తెంపడం, మిరప రోజుల్లో కూలి. పదహారేళ్ళప్పుడు వాళ్ళ నాయన రేడియో పట్టుకుని నా దుకాణానికి వచ్చింది. సోల్డరింగ్ కడ్డీ వేడెక్కేలోపు నేను గిటారు వాయించుకుంటుంటే, రేడియో బాగయిన తర్వాత కూడా కదలకుండా నిలబడి విన్నది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది.

“మళ్ళ ఏం పోయింది రేడియోకు?” అన్నాను.

“రేడియోకేం పోలే తాతా. నాకే పోయింది.”

“ఏంది?”

“నిద్ర. నేర్పుతవా, ఇంటికి పొమ్మంటవా?”

ఆరేళ్ళు నేర్పాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో నన్ను దాటినది ఆ పిల్ల ఒక్కతే. వాళ్ళ ఊరి ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలో పాడే పాటలకు తనే కార్డ్‌లు వెతుక్కుంది. నేను వేలు పెట్టిన చోటు కాదని, ఇంకోచోట పెట్టి, “గిట్ల పెడితే ఇంక మంచిగుంటది తాతా” అనేది. నిజంగానే బాగుండేది. ఆ గిటారు నేను కట్టిందే. సన్న తీగ పైన, లావు తీగ కింద. ఇంకోలా ఉంటుందని తనకు తెలియదు. చెప్పలేదు గనక తెలియదు.

ఇది జరిగింది రెండువేలు దాటిన తర్వాత ఏడెనిమిదేళ్ళకు. అప్పటికి ఆ పిల్ల డిగ్రీ పూర్తిచేసింది. ఖమ్మంలో ఒక పెద్ద ప్రైవేటు స్కూలు, పిల్లలు అక్కడే ఉండి చదువుకునేది, సంగీతం టీచరు కావాలని పేపర్లో వేసింది. ఉండడానికి గది, తిండి అక్కడే. ఒక షరతు: పది పాటల నోటేషన్ పుస్తకం, మాటల మీద కార్డ్ బొమ్మలతో, కంప్యూటర్లో టైపు చేసింది తేవాలి. చేత్తో రాసినది చెల్లదు. ఆ ముక్క కత్తిరించుకుని నా దగ్గరికి తెచ్చింది.

“ఇది రాకపోతే మళ్ళ మిరపచేన్లకే తాతా,” అంది. “మా అమ్మ ఇప్పటికే అడుగుతున్నది, డిగ్రీ చేసి ఏరితే కాయ జల్దీ తెగుతదా అని.”

నవ్వుతూనే అంది. చేతులు మాత్రం ఒళ్ళో దాచుకుంది. ఆ ఏడాది మిరప ఏరిన వేళ్ళు అవి, మంట తగ్గని వేళ్ళు.

నా టైరు ముద్ర ఇక పనికిరాదు. మూతపడ్డ ఒక ఇంటర్నెట్ సెంటరు నుంచి తెచ్చి బాగుచేసుకున్న పాత కంప్యూటరు నా దగ్గరుంది. కొత్తగూడెంలో కంప్యూటర్ సెంటర్ నడిపే ఒకాయన సంగీతం రాసే సాఫ్ట్‌వేర్ సీడీ ఇచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, హైదరాబాదులో చదువుకునేటప్పుడు గిటారు వాయించాడట. “ఈ వయసులో మీకెందుకు సార్ ఇదంతా, నాకు చెప్తే నేనే టైపు చేస్త కదా,” అన్నాడు. వద్దన్నాను. ఎవరి కళ్ళైనా ఆ బొమ్మల మీద పడితే ఏమవుతుందో నాకు తెలుసు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీయడానికి పెన్సిలూ లేదు, మౌసుతో పనీ లేదు. అన్నీ అక్షరాలే. తీగ నంబరు, అడ్డగీత, మెట్టు నంబరు, తర్వాత సెమికోలన్. ఖాళీగా మోగే తీగకు ‘ఓ’, మోగకూడని తీగకు ‘ఎక్స్’. అలా ఆరు తీగలకూ వరసగా కొడితే అదే బొమ్మ గీసి ఇస్తుంది. ఒక్క సెమికోలన్ మర్చిపోయామో, పదిహేడో లైనులో తప్పు అంటుంది. తప్పు ఉండేది పదకొండో లైనులో. అచ్చం మనుషుల్లాగే, కాలిన చోట కాకుండా కనబడిన చోట అరుస్తుంది. అయినా నాకు నచ్చింది. నేనేది కొడితే అదే గీసింది. ఎడమనుంచి కుడికి లోకం రాసేదాన్ని నేను కుడినుంచి ఎడమకు రాశాను. అది నవ్వలేదు. ఎవరు కట్టారండీ అని అడగలేదు.

చుక్కలు చిన్నవిగా వస్తున్నాయని, జిరాక్స్ తీస్తే మాసిపోతాయని, వాటి కొలత పెంచాను. వేలి నంబరు చుక్క లోపలే వచ్చేలా చేశాను. చూపుడువేలు ఆరు తీగల మీద పడుకునే చోట అది విల్లులాగా వంపు గీస్తుంటే, మనకు వద్దని తిన్నటి గీత చేశాను. ప్రతి పాటలో మళ్ళీ మళ్ళీ కొట్టకుండా అన్ని కార్డ్‌లూ ఒకే ఫైలులో పెట్టి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాను. ప్రతి పేరు ముందూ ఒక ‘ఎమ్’. ఎమ్ అంటే ‘మన’. లోకం సి, జి, ఎఫ్ అని పిలిచే కార్డ్‌లు నా ఫైలులో మన సి, మన జి, మన ఎఫ్. మూడు వారాలు పట్టింది. కరెంటు పోయినప్పుడల్లా, సేవ్ చేయని బొమ్మలు పోయినప్పుడల్లా, నేను తిట్టిన తిట్లకు మా ఇంటామె లోపలనుంచి వచ్చి నిలబడేది.

“ఎవల్ని తిడుతున్నవ్?”

“కరెంటోళ్ళను.”

“వాళ్ళకు వినబడదు. నాకు వినబడుతున్నది. అన్నం తిని తిట్టు.”

ఆ సాఫ్ట్‌వేర్‌లో పాట పేరుకు ఒక చోటు, రాసినవాళ్ళ పేరుకు ఒక చోటు, వాటి కింద చిన్న అక్షరాల్లో ఏదైనా చెప్పుకోవడానికి ఇంకో చోటు ఉంది. పాట పేరు కొట్టాను. పిల్ల పేరు కొట్టాను. ఆ మూడో చోట కర్సర్ పెట్టి, “ఈ బొమ్మల్లో ఎడమ గీత సన్న తీగ” అని కొట్టాను. తెర మీద దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. చెరిపేశాను. అది రాస్తే ఒప్పుకున్నట్టే. ఇరవై ఏళ్ళు దాటిన అడవి పద్ధతి ఒక్క ముక్కతో పోతుంది. ఆ చోటు ఖాళీగా వదిలేశాను. పిల్లకు కూడా చెప్పలేదు. వాళ్ళు చూసేది పిల్ల వాయింపు గానీ తీగలు ఎటున్నాయో ఎవడు చూస్తాడులే అనుకున్నాను. అలా అనుకున్నవాణ్ణి ఇప్పుడు నాకు చెంప మీద కొట్టాలనిపిస్తుంది.

నాకు ప్రింటరు లేదు. ఫైళ్ళన్నీ సీడీలో ఎక్కించి కొత్తగూడెం ఆయనకే ఇచ్చాను. ఉన్నదున్నట్టు ప్రింటు తీయమన్నాను, స్పైరల్ వేయమన్నాను. ఎల్లుండి పొద్దున ఖమ్మం పోతూ దిగి తీసుకుంటామన్నాను. “ఫికర్ చేయకుండ్రి సార్, ఫస్ట్ క్లాస్ చేసి పెడత,” అన్నాడు.

ఆ పొద్దున నేనూ పిల్లా కొత్తగూడెంలో దిగి పుస్తకం తీసుకున్నాం. దళసరి అట్ట, పైన ప్లాస్టిక్ కవరు, బాగా చేశాడు. పిల్ల పేరులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి కవరులో పెట్టేశాను. బస్సు జూలూరుపాడు దాటుతుంటే పిల్ల కవరు విప్పబోయింది.

“తీయకు బిడ్డా, స్పైరల్ వంగుతది,” అన్నాను. నేనే అన్నాను. తీసి ఉంటే ఒక్క చూపులో తెలిసేది.

స్కూల్లో నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. గది కిటికీ తెరిచే ఉంది. లోపల హెడ్ మేడం, సంగీతం పరీక్ష చేయడానికి బయటినుంచి పిలిపించిన ఒక సారు. పిల్ల మొదట వాళ్ళ ఊరి పెళ్ళి పాట వాయించి పాడింది. ఎంత బాగా పాడిందంటే, వరండాలో చీపురు పట్టుకుని పోతున్న ఆమె ఆగిపోయింది. మేడం “వెరీ గుడ్ అమ్మా” అంది.

అప్పుడు సారు గొంతు వినిపించింది. “మూడో పేజీ వాయించు. చూసే వాయించు.”

పిల్ల వాయించింది.

“ఆగు. ఇక్కడ కాగితం మీద ఒక బొమ్మ ఉంది. నీ చెయ్యి ఇంకోలా ఉంది. ఈ పుస్తకం ఎవరు రాశారు?”

“మా తాత రాసిండు సార్. నాకు నేర్పినాయిన.”

“నీకు నేర్పినాయన రాస్తే నీ చేతికెందుకు కలవదు? ఎక్కడిదో తెచ్చి నీ పేరు పెట్టుకున్నావా?”

“లేదు సార్! గివి మా బొమ్మలే...” పేజీలు తిప్పుతున్న చప్పుడు. అవి మా బొమ్మలు కావని అప్పుడు చూసుకుంది కావచ్చు.

“సరే, నీ గిటారు పక్కన పెట్టు. ఇది స్కూలు గిటారు. దీని మీద వాయించు, సి పట్టుకో.”

ఒక మీటు వినబడింది. ముప్ఫై ఏళ్ళ కింద నా దుకాణంలో పిల్లి తోక తొక్కిన చప్పుడు, అదే. ఇంకో మీటు. ఇంకా ఘోరం. నేను బెంచీ మీద లేచి నిలబడ్డాను. అప్పుడు ఆ పిల్ల, వాళ్ళకు మేలు చేస్తున్నట్టు, ఎంతో మర్యాదగా అంది:

“సార్, మీ గిటారుకు తీగలు ఉల్టా కట్టిండ్రు.”

సారు నవ్వాడు. మేడం నవ్వింది. ఆ నవ్వులో పిల్ల గొంతు మళ్ళీ వినిపించలేదు.

తలుపు దాకా వెళ్ళాను. లోపలికి పోయి, “పిల్ల తప్పేం లేదు, కట్టింది నేను, రాసింది నేను, ఆ కాగితం మీదున్నది మాత్రం నేను రాసింది కాదు” అని చెప్పాలి. చెయ్యి తలుపు మీదే ఉంది. చెప్పాలంటే అశ్వారావుపేట పెళ్ళి పందిట్లో మళ్ళీ నిలబడాలి. నేను లోపలికి పోలేదు. నవ్విన ఆ సారు మీద నాకు కోపముంది, ఒక్క నిమిషం ఆగి పిల్ల గిటారు వైపు కళ్ళతో చూసి ఉంటే సంగతంతా తెలిసేది ఆయనకు. పాట బాగుందన్న నోటితోనే నవ్విన మేడం మీదా ఉంది. కానీ తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డ ముసలాడి మీద ఉన్నంత కోపం నాకు ఎవరి మీదా లేదు.

తిరుగు బస్సులో పిల్ల కిటికీ వైపు కూర్చుంది. ఆ పుస్తకం ఇటివ్వు, చించి పొయ్యిలో పెడతానంటే ఇవ్వలేదు, జూలూరుపాడు వచ్చాక అడిగింది.

“తాతా, ఉల్టా ఉన్నది వాళ్ళదా, మనదా?”

“మనదే.”

“నీకు ఎప్పుడు తెల్సింది?”

“నువ్వు పుట్టకముందే.”

“నాకెందుకు చెప్పలే?”

“పాట ఉల్టా వచ్చిందా బిడ్డా? పాట మంచిగనే వచ్చింది కదా,” అన్నాను.

“పాట సంగతి కాదు నేనడిగేది.” గొంతు పెంచింది, ముందు సీటువాళ్ళు తిరిగి చూశారు. “వాళ్ళ గిటారు ఉల్టా ఉన్నదని వాళ్ళకే చెప్పిన కదా నేను! ఆ మాట నా నోట్ల నువ్వు పెట్టినవ్. ఆరేండ్ల సంది పెట్టి ఉంచినవ్.”

కొత్తగూడెంలో పుస్తకమూ గిటారూ తీసుకుని, నా వైపు చూడకుండా దిగి వేరే బస్సెక్కింది.

నేను నేరుగా కంప్యూటర్ సెంటరుకు పోయాను. అక్కడున్న పిల్లల ముందే అరిచాను. ఆయన కంగారు పడలేదు.

“మీవన్నీ ఉల్టా ఉన్నయ్ సార్. మీ ఫైలు పక్కన పెట్టి, ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ల రెడీగ ఉన్న కార్డ్‌ల చార్ట్ పెట్టిన. ఫైండ్ రీప్లేస్ కొడితే రెండు నిమిషాల పని. మీకు చెప్తే ఫీలైతరని చెప్పలే.”

“నన్ను అడగాలె కదా!”

“తప్పును సరిచేయనీకి అడుగుడేంది సార్? థ్యాంక్స్ చెప్తరనుకున్న.”

మూడు వారాల బొమ్మలు, రెండు నిమిషాలు. ‘మన’ అని నేను పెట్టిన ప్రతి అక్షరాన్నీ పీకేశాడు, పైగా మంచి పని చేశాననే అనుకుంటున్నాడు. నేను ఏమనాలి? తప్పు కాదు అనలేను. తప్పే అని ఒప్పుకుని, అయినా అది నా తప్పు, దాని మీద చెయ్యి వేసే హక్కు నీకు లేదు అనాలి. ఆ మాట అప్పుడు తట్టలేదు. ఇంకో నాలుగు తిట్లు తిట్టి వచ్చేశాను. ఆయన అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణి? అడవి పద్ధతి అనేవాణ్ణి. అది గుర్తొచ్చి ఇంకా మండింది.

మా ఇంటామెకు అంతా చెప్పాను. కూర తరుగుతూ విన్నది.

“ఆయిన నీకు చెప్పకుండ మార్చిండు. నువ్వు ఆ పిల్లకు చెప్పకుండ దాచినవ్. ఇద్దరూ ఒక్క తీరే ఉన్నరు, కాకపోతే ఆయినకు ఇస్త్రీ చొక్కా ఉన్నది,” అంది. ఆ రోజు నేను అన్నం తినలేదు. ఆమె బతిమాలలేదు.

ఉద్యోగం రాలేదని స్కూలు నుంచి ఉత్తరం వచ్చిందట. పిల్ల మిరపచేన్లకు పోయిందని బస్సు కండక్టరు చెబితే తెలిసింది. రెండు నెలలు నా దుకాణం గడప తొక్కలేదు. నేను పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోను?

మిరప అయిపోయిన తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చింది. భుజాన రెండు గిటార్లు. ఒకటి తనది. ఇంకోటి ఎవరినో అడిగి తెచ్చింది, లోకం కట్టినట్టే తీగలు కట్టి ఉన్నది. నా బల్ల మీద స్పైరల్ పుస్తకం పడేసింది. మూలలు నలిగాయి, పేజీల మీద ఎర్రటి వేలి ముద్రలు.

“విను,” అని ఆ రెండో గిటారు తీసుకుని వాయించింది. తడబడుతూనే, కానీ శుద్ధంగా.

“ఎట్ల నేర్చినవ్?”

“గీ పుస్తకం చూసే. నువ్వు చింపుతనన్న పుస్తకమే. గా కొత్తగూడెమాయిన అన్నీ వాళ్ళ తీరుల పెట్టిచ్చిండు కదా, మంచిదే అయింది.” తర్వాత తన గిటారు తీసుకుంది. “సత్తుపల్లిల ఒక చిన్న స్కూలు పిలిచింది. వచ్చే వారం పోవాలె. పిల్లలకు వాళ్ళ తీరు నేర్పుత. నేను మాత్రం దీని మీదనే వాయిస్త. తీగలు మార్చ. ఆరేండ్ల చెయ్యి ఇది, నీది కాదు, నాది. గందుకే నాకు మన బొమ్మలతోటే పుస్తకం కావాలె. కంప్యూటర్ తీయ్.”

తీశాను. నా ఫైలు ఉంది, ముప్ఫై ఒక్క కార్డ్‌లూ ఉన్నాయి, ఎమ్‌లన్నీ ఉన్నాయి. పిల్ల నా వెనక నిలబడి తెర మీదకు వేలు చూపించింది.

“ఇక్కడ ఖాళీ ఎందుకున్నది?”

“అది... ఏదన్నా చెప్పుకునేదుంటే రాసే చోటు.”

“అంటే చోటు ఉండె. ఒక్క ముక్క రాస్తే అయిపోతుండె.”

“అయిపోతుండె.”

“అయితే నేను చెప్త, నువ్వు కొట్టు. ‘ఈ గిటారుకు సన్న తీగ పైన, లావు తీగ కింద. తప్పుగ కట్టి నేర్చుకున్నది, పాట మాత్రం సరిగ్గ వస్తది.’”

మొదటి వాక్యం కొట్టి ఆపేశాను. “ఆ ‘తప్పుగ’ తీసెయ్ బిడ్డా. ‘వేరే తీరుగ’ అందాం.”

“తీయ.”

“‘మన తీరుగ’ అందాం పోనీ. అది అబద్ధం కాదు కదా ఇప్పుడు.”

“తాతా, నేను సత్తుపల్లిల కూసున్నప్పుడు ఎవలన్న నవ్వితే, వాళ్ళకంటే ముందు నేనే నవ్వాలె. నువ్వు కొడతవా, నన్ను కూసోమంటవా?”

లోపలనుంచి మా ఇంటామె గొంతు: “కొట్టు. అన్నం చల్లారుతున్నది.”

కొట్టాను. ప్రతి పేజీలో పాట పేరు కింద, చిన్న అక్షరాల్లో, సరిగ్గా మధ్యలో వచ్చేలా కొట్టాను. ఈసారి ప్రింటుకు నేనే వెంట ఉన్నాను, ఒక్కో కాగితం బయటికి వస్తుంటే ఒక్కో చుక్కా లెక్కపెట్టుకున్నాను. సత్తుపల్లిలో ఎవరూ నవ్వలేదట. అక్కడి హెడ్‌మాస్టరు ఆ వాక్యం రెండుసార్లు చదివి, పిల్ల గిటారు చూసి, ఒక పాట పాడమన్నాడట. పిల్ల ఇప్పుడు అక్కడే టీచరు.

ఆ మాట మాత్రం నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. చూసినప్పుడల్లా మండుతుంది. ఆ ఫైలు నా కంప్యూటర్లోనే ఉంది, ఒక్క మాట చెరపడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, పిల్లకు తెలియదు కూడా. కర్సర్ దాని మీద పెట్టి చాలాసార్లు కూర్చున్నాను. చెరపలేదు. అడగకుండా ఎలా చెరుపుతాను?